ప్రసూతి వార్డు నుంచి నిషిద్ధ గ్రంథం దాకా: డాక్టర్ రషీద్ జహాన్

1933 మార్చిలో అప్పటి సంయుక్త రాష్ట్రాల (నేటి ఉత్తరప్రదేశ్) ప్రభుత్వం ‘అంగారే’ (నిప్పు కణికలు) అనే ఉర్దూ సంకలనాన్ని నిషేధించింది. అంతకు మూడు నెలల ముందే లక్నోలో అచ్చయిన ఆ పుస్తకాన్ని రాసింది నలుగురు: ముగ్గురు పురుషులు, ఒక లేడీ డాక్టరు. ‘అంగారేవాలీ’ (అంగారే ఆవిడ) అన్న పేరు మాత్రం ఆ డాక్టరుకే అంటుకుంది. సాహిత్య చరిత్రలు రషీద్ జహాన్‌ను ఈ గొడవతోనే గుర్తుపెట్టుకున్నాయి. ఆమె కోపం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఆసుపత్రుల చరిత్రలోకి వెళ్లాలి.

పరదా పాటించే ఇళ్లలో పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించడం కుదరని రోజులవి. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరిట నిధి ఏర్పడి, ఆడవాళ్లకు ఆడ డాక్టర్లను, జనానా ఆసుపత్రులను సమకూర్చే పని మొదలైంది. 1916లో ఢిల్లీలో మహిళల కోసమే లేడీ హార్డింజ్ వైద్య కళాశాల తెరిచారు. 1905లో పుట్టిన రషీద్ జహాన్ అక్కడే చదివారు. అలీగఢ్‌లో ముస్లిం బాలికలకు బడి పెట్టిన దంపతుల కూతురు కాబట్టి ఇంట్లో చదువుకు అడ్డు లేకపోయింది.

సంకలనంలో ఆమెవి రెండే రచనలు. ఒకటి చిన్న కథ, రెండోది ‘పర్దే కే పీఛే’ (పరదా వెనుక) అనే నాటిక. నాటికలో మహమ్మదీ బేగం తన గోడు మరో స్త్రీకి వెళ్లబోసుకుంటుంది. వయసు ముప్పై రెండే, చూస్తే అంతకు మించి కనిపిస్తుంది. కాన్పు మీద కాన్పు. గర్భసంచి జారింది. మగడు మరో పెళ్లి చేసుకుంటాడన్న భయంతో ఆపరేషన్ చేయించుకుంది. ఏటేటా బిడ్డను కంటుంటే అది మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇదంతా దాదాపు డాక్టరు రాసుకునే కేసు వివరమే. కాకపోతే ఇక్కడ మాట్లాడేది రోగి, అదీ జనానా గదుల ఉర్దూలో. నిషేధానికి వాడిన శిక్షాస్మృతి 295ఎ సెక్షన్ మత విశ్వాసాలను గాయపరచడం గురించినది. ఆమె విషయంలో మాత్రం పెద్దమనుషులకు మతం కన్నా ఈ కాన్పుల లెక్కే ఎక్కువ గుచ్చుకుని ఉంటుందని నా అనుమానం.

ఆ తర్వాత కూడా ఆమె వైద్యం మానలేదు, రాయడమూ మానలేదు. 1936లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల తొలి మహాసభ వెనుక ఆమె శ్రమ ఉంది. ఆ ఒరవడిలోనే 1943లో తెనాలిలో తెలుగు అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. క్యాన్సర్‌తో 1952లో మాస్కోలో ఆమె కన్నుమూశారు.

ప్రసూతి గురించి రాయడం, సాహిత్యం సృష్టించడం: ఆమె ఒక్కరే చేసిన ఈ రెండు పనులను తెలుగులో ఇద్దరు డాక్టర్లు పంచుకున్నట్టు కనిపిస్తుంది. ఆమె కన్నా ఏడాది చిన్నవారైన కొమర్రాజు అచ్చమాంబ ‘ప్రసూతి–శిశుపోషణ’ అనే వైద్య గ్రంథం రాశారు. 1950ల చివర్లో ‘కాలాతీత వ్యక్తులు’ రాసిన పి. శ్రీదేవి కూడా డాక్టరే. అయితే ఆ నవల చూపంతా స్త్రీ స్వేచ్ఛ మీదే, ప్రసూతి వార్డు మీద కాదు.