స్లాక్ కీ కోసం గిటార్ కొంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను గిటార్లు సెటప్ చేసే పనిలో ఉన్నా, ఖాళీ దొరికితే వాయించేది మాత్రం హవాయి దీవుల గిటార్ శైలి స్లాక్ కీనే. స్లాక్ కీ వాయించే లెడ్‌వర్డ్ కాపానా వీడియోలు చూసి "అన్నా, ఆ సౌండ్ రావాలంటే ఏ గిటార్ కొనాలి" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఎక్కడో చదివిన రూల్స్ కూడా నాలుగు పట్టుకొస్తారు, వాటిలో సగం తప్పే.

అపోహ: హవాయి గిటార్ అంటే ఒళ్లో పడుకోబెట్టి స్టీల్ కడ్డీతో జార్చేదే కదా

అది స్టీల్ గిటార్ అండీ. మన దేశంలో హవాయి గిటార్ అంటే అందరికీ అదే గుర్తొస్తుంది, తప్పేం లేదు, 1940ల్లో టౌ మో కుటుంబం కలకత్తాలో ఉండి వాయించింది, తర్వాత బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలే పలికించారు. స్లాక్ కీ వేరు. మామూలు గిటారే, మామూలుగానే పట్టుకుంటారు, కాకపోతే కొన్ని తీగల్ని కిందికి వదులు చేసి ఓపెన్ ట్యూనింగ్‌లో (ఏ ఫ్రెట్ నొక్కకుండా మీటినా ఒక కార్డ్ పలికేలా) పెట్టి, బొటనవేలితో బేస్ నడుపుతూ మిగతా వేళ్లతో పాట వాయిస్తారు. 1830ల్లో మూడో కమేహమేహా రాజు అడవి పశువుల్ని అదుపు చేయడానికి మెక్సికన్ కౌబాయ్‌లని రప్పించాడనీ, గిటార్ వాళ్లతోనే వచ్చిందనీ చెప్తారు. స్లాక్ కీ వాద్యకారుడు గాబీ పహినుయి 1946లో రికార్డు చేసేదాకా ఇది ఎక్కువగా ఇళ్లలో వాయించుకునే సంగీతమే. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, షాపుకెళ్లి "హవాయి గిటార్ ఉందా" అంటే నట్ (నెక్ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) ఎత్తు పెంచిన పీస్ చేతిలో పెడతారు, దాని మీద ఫ్రెట్లు (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీలు) నొక్కడం కుదరదు.

అపోహ: కోవా చెక్క అయితేనే అసలు సౌండ్

కోవా హవాయి దీవుల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు, అందుకే ఆ రేటు. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ స్లాక్ కీకి అదేం షరతు కాదు, టాప్ (పైపలక) స్ప్రూస్ చెక్కతో చేసిన గిటార్ల మీద వాయించినవాళ్లు బోలెడుమంది. మొదటి గిటార్‌కైతే సాలిడ్ స్ప్రూస్ టాప్ చాలు, యమహా ఎఫ్‌జీ800 లాంటిది హాయిగా పనికొస్తుంది. మిగిలిన డబ్బు సెటప్‌కి పెట్టండి.

అపోహ: తీగలు వదులు చేస్తాం కాబట్టి సన్నవి వేసుకుంటే వేళ్లకి సుఖం

అసలు గొడవంతా ఇక్కడే. స్లాక్ కీలో బాగా వాడే టారో ప్యాచ్ ట్యూనింగ్ తీసుకోండి, లావు తీగ నుంచి డి-జి-డి-జి-బి-డి. స్టాండర్డ్ (మామూలు ట్యూనింగ్, ఈ-ఎ-డి-జి-బి-ఈ) నుంచి ఆరో తీగ (అన్నిటికన్నా లావుది), ఐదో తీగ, ఒకటో తీగ రెండేసి ఫ్రెట్ల మేర దిగుతాయి, మిగతా మూడూ అలాగే ఉంటాయి. తీగ బిగువు ఫ్రీక్వెన్సీ స్క్వేర్‌తో పాటు మారుతుంది, అంటే రెండు ఫ్రెట్లు దించితే బిగువు సుమారు 21 శాతం పోతుంది. సి ట్యూనింగుల్లోకి వెళ్తే ఆరో తీగ ఈ నుంచి సి దాకా, 82 హెర్ట్జ్ నుంచి 65కి దిగుతుంది, అప్పుడు పోయేది దాదాపు 37 శాతం. పోనీ ఆ తీగ ఎప్పుడో ఒకసారి మోగేదా అంటే కాదు, తంబూరాలా పాట పొడుగునా బొటనవేలి కింద మోగుతూనే ఉండాలి. 11 సెట్ (అంకె అన్నిటికన్నా సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేసి సి కి దించి చూడండి, తీగ ఊగిపోయి ఫ్రెట్ల మీద గరగరమంటుంది, గట్టిగా మీటితే మొదట్లో స్వరం కొంచెం పైకి లేచి తర్వాత కిందికి జారుతుంది. నేనైతే 12 సెట్ వేసి ఆరో తీగ ఒక్కటి 56 మందంది వేస్తా. 13 సెట్ కూడా బాగుంటుంది, కాకపోతే మళ్లీ స్టాండర్డ్‌కి బిగిస్తే ఆ లోడ్ మీ గిటార్ తట్టుకుంటుందో లేదో కనుక్కుని వేయండి.

అపోహ: యాక్షన్ ఎంత తక్కువుంటే అంత మంచి గిటార్

యాక్షన్ అంటే ఫ్రెట్ల మీద తీగల ఎత్తు. వదులు తీగ ఎక్కువ వెడల్పున ఊగుతుంది, దానికి చోటు కావాలి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద 2.5 మిల్లీమీటర్లు, కొంచెం అటూ ఇటూ, నాకు నచ్చే కొలత. ఇంకోటి, బిగువు తగ్గితే నెక్ కూడా వెనక్కి వెళ్లి నిటారు అవుతుంది, మొదటి ఫ్రెట్ల దగ్గర బజ్ మొదలయ్యేది అందుకే. కాబట్టి స్టాండర్డ్‌లో సెటప్ చేయించుకుని ఇంటికొచ్చి దించడం కాదు, మీరు ఎక్కువగా వాయించే ట్యూనింగ్ ఏదో చెప్పి అందులోనే ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ), శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) సరిచేయించుకోండి. ట్యూనర్ తిప్పుతుంటే నట్ దగ్గర "టింగ్" అని చప్పుడొచ్చి శృతి ఒక్కసారిగా దూకితే ట్యూనింగ్ కీలు పాడైనట్టు కాదు, నట్ గాడిలో తీగ ఇరుక్కుంటోంది. గాడి కొంచెం వెడల్పు చేయించి పెన్సిల్ పొడి రాస్తే చాలావరకు పోతుంది.

షాపులో కొనేముందు సిగ్గుపడకుండా గిటార్‌ని అక్కడే టారో ప్యాచ్‌లోకి దించండి. ఆరో తీగ మోగిస్తూనే పైన వాయించి చూడండి, బేస్ పాటని మింగేస్తుంటే ఆ బాడీ మీకు పెద్దది. తర్వాత 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే గంటలాంటి స్వరం) కొట్టి, అదే ఫ్రెట్ నొక్కి వాయించి రెండూ కలుస్తున్నాయా వినండి. స్లాక్ కీలో నెక్ పైదాకా జంట స్వరాలు పాకుతాయి, హార్మోనిక్స్ కూడా తరచూ వస్తాయి, అక్కడ శృతి తప్పితే వెంటనే దొరికిపోతుంది.

అపోహ: నైలాన్ తీగలతో స్లాక్ కీ కాదు

స్లాక్ కీ వాద్యకారుడు కియోలా బీమర్‌ని వినండి, నైలాన్ మీదే ఎంత వాయించాడో. స్టీల్‌కి ఉండే మెరుపు తగ్గుతుంది, అంతే.

అపోహ: నట్ వెడల్పు పెద్ద విషయం కాదు

43 మిల్లీమీటర్లతో వాయించలేమని కాదు, కానీ హామర్-ఆన్, పుల్-ఆఫ్ (మళ్లీ మీటకుండా ఎడమచేతి వేలితో తీగని కొట్టి, లాగి స్వరం పలికించడం) చేసేటప్పుడు పక్క తీగకి వేలు తగిలి మోగుతున్నది ఆగిపోతుంటుంది. 44.5 ఉంటే ఆ బాధ బాగా తగ్గుతుంది. వేళ్లు లావుగా ఉన్నవాళ్లు 46 కూడా చూడొచ్చు.

అపోహ: వాయించాక రోజూ స్టాండర్డ్‌కి బిగించి పెట్టకపోతే నెక్ వంకరపోతుంది

పోదు. అందులోనే వదిలేయండి. రోజూ దించి బిగిస్తుంటే నెక్ కంటే ముందు తీగలే పోతాయి, అదీ ఎక్కువగా ట్యూనింగ్ పోస్ట్ దగ్గర చుట్టు వంగిన చోటే తెగుతాయి.