తేనెపట్టు నిలబడింది సరే, మిగతా ఈగల మాటేమిటి?

2006 చివర్లో అమెరికాలో తేనెటీగల పెంపకందారులకు అంతుచిక్కని సమస్య వచ్చిపడింది. పెట్టె తెరిస్తే రాణి ఈగ ఉంది, పిల్లపురుగులున్నాయి, తేనె ఉంది. మేతకెళ్లే ఈగలు మాత్రం లేవు. చుట్టుపక్కల చచ్చిపడిన ఈగలు కూడా పెద్దగా కనపడలేదు. దీనికి కారణమేమిటన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఎక్కువమంది వేలెత్తి చూపింది నియోనికోటినాయిడ్లనే పురుగుమందుల వైపు.

ఈ మందుల్ని పైరు మీద పిచికారీ చేయాల్సిన పని కూడా లేదు. విత్తనశుద్ధిలో గింజకు పట్టిస్తే చాలు, మొక్క వేళ్లతో పీల్చుకుని కాండానికి, ఆకులకు, చివరికి పుప్పొడికీ మకరందానికీ చేరవేస్తుంది. పురుగు నరాల్లో సంకేతాలందుకునే గ్రాహకాలకు అతుక్కుని వాటిని తెరిపి లేకుండా ఉద్రేకపరచడం వీటి పని. తేనెటీగను చంపడానికి నానోగ్రాములు చాలు. అయితే పూలలో దొరికేది సాధారణంగా అంతకంటే తక్కువే. చంపనంత మోతాదు ఈగను ఏం చేస్తుందన్న దగ్గరే అసలు గొడవ.

ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన ప్రయోగం దీన్ని సూటిగా పట్టుకుంది. ఆరువందల పైచిలుకు తేనెటీగల వీపులకు బుల్లి ఎలక్ట్రానిక్ చిప్పులు అతికించారు. కొన్నిటికి చక్కెర పానకంలో ఈ మందుల్లో ఒకటైన థయామెథాక్సామ్ కలిపి తాగించారు, ఆ మోతాదు చంపేదానిలో మూడో వంతు కూడా ఉండదు. దూరంగా తీసుకెళ్లి వదిలేశారు. పెట్టె గుమ్మం దగ్గరున్న పరికరం తిరిగొచ్చిన ప్రతి ఈగనూ లెక్కపెట్టింది. మందు తాగినవాటిలో చాలా ఈగలు ఇల్లు చేరలేదు. ముఖ్యంగా దారి కొత్తదైనప్పుడు ఎక్కువగా తప్పిపోయాయి. పొట్ట నిండా మకరందంతో దారి తెలియక తిరిగే ఈగను, ఇరవై నాలుగు గంటల తర్వాత చచ్చిందా బతికిందా అని మాత్రమే చూసే పరీక్ష ఎప్పటికీ పట్టుకోలేదు.

ఈ ప్రయోగం మీద గట్టి అభ్యంతరమే వచ్చింది. వసంతంలో రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది కాబట్టి, ఆ నష్టాన్ని పట్టు పూడ్చుకోగలదని కొందరు లెక్కకట్టి చూపించారు. ఆ మాట నిజమే. నా దృష్టిలో ఈ చర్చకు కీలకం కూడా అదే. వేల ఈగలున్న పట్టు నష్టాన్ని దిగమింగుతుంది, అందుకే అది పొలంలోని మందు తీవ్రతను సరిగ్గా చూపించదు.

2015లో స్వీడన్ పొలాల్లో జరిగిన అధ్యయనం చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. క్లోథియానిడిన్ అనే నియోనికోటినాయిడ్, మరో పురుగుమందు కలిపి విత్తనానికి పట్టించిన రేప్‌సీడ్ (ఆవాల జాతి నూనెగింజ పంట) పొలాల పక్కన తేనెటీగల పట్లు చెప్పుకోదగ్గ తేడా లేకుండా ఉన్నాయి. అక్కడే చిన్న గూళ్లలో బతికే బొద్దు ఈగలైన బంబుల్ తేనెటీగల గూళ్లు సరిగ్గా ఎదగలేదు. ఒంటరిగా బతికే ఒక జాతి ఈగలైతే, మందు వాడిన ఒక్క పొలంలోనూ పిల్లల గూడు కట్టడం మొదలుపెట్టలేదు. మందులేని ఎనిమిది పొలాల్లో ఆరింట కట్టాయి. ఒంటరి ఈగకు కూలి ఈగలుండవు. గూడు, మేత, గుడ్లు అన్నీ ఆ ఒక్క తల్లే చూసుకోవాలి. అది దారి తప్పితే ఆ సంతానం అంతటితో ఆగిపోతుంది. ప్రపంచంలో తేనెటీగలు, వాటి బంధువులైన ఈగలు కలిపి దాదాపు ఇరవై వేల జాతులుంటే, వాటిలో అత్యధికం ఇలా ఒంటరిగా బతికేవే.

అసలు దోషి మందు కాదు, వరోవా నల్లి అనే మందుల కంపెనీల వాదనలోనూ పస ఉంది. ఈ నల్లి తేనెటీగల కొవ్వు కణజాలాన్ని తింటూ, రెక్కల్ని వంకర చేసే వైరస్‌ను అంటిస్తుంది. ఆ నల్లి 2022 దాకా ఆస్ట్రేలియాలో స్థిరపడలేదు. అక్కడ ఈ మందులు వాడుతున్నా, అమెరికాలోలా పట్లు కూలిపోలేదు. తేనెటీగల పట్లకు వరోవా పెద్ద శత్రువని నేనూ ఒప్పుకుంటాను. కానీ క్లోథియానిడిన్ సోకిన తేనెటీగలో రోగనిరోధకశక్తి తగ్గి అదే వైరస్ పెచ్చరిల్లుతుందని 2013లో ఇటలీ పరిశోధకులు చూపించారు. కాబట్టి నల్లా, మందా అని ఏదో ఒకటి తేల్చమనడం అర్థంలేని పని.

పైగా ప్రపంచం మొత్తం మీద పెంపుడు తేనెపట్ల సంఖ్య 1961తో పోలిస్తే పెరిగింది. పోయిన పట్టు స్థానంలో పెంపకందారుడు ఉన్నదాన్ని విడదీసి కొత్తది తయారు చేసుకుంటాడు. అడవి ఈగలకు ఆ పని చేసిపెట్టేవాళ్లు లేరు. ఈ అంకెను చూపించి తేనెటీగలు బాగానే ఉన్నాయనడం నాకు కోపం తెప్పిస్తుంది.

యూరోపియన్ యూనియన్ 2013లో మూడు నియోనికోటినాయిడ్ల వాడకాన్ని పరిమితం చేసి, 2018లో ఆరుబయట పూర్తిగా నిషేధించింది. రైతులకు ఇబ్బంది వచ్చిన మాట వాస్తవం. బ్రిటన్‌లో రేప్‌సీడ్‌ను ఒక రకం పెంకుపురుగు బాగా దెబ్బతీసింది, దానికోసం వేరే మందులు చల్లాల్సి వచ్చింది. మరోవైపు, సోయా విత్తనాలకు ఈ మందు పట్టించడం వల్ల దిగుబడి పెద్దగా పెరగడం లేదని అమెరికా పర్యావరణ సంస్థే 2014లో తేల్చింది. పురుగు రాకముందే ప్రతి గింజకూ మందు పూసే అలవాటును ముందు మానుకోవచ్చు. పురుగు నిజంగా పంటను ముంచుతున్న చోట రైతుకు వేరే దారి చూపించే బాధ్యత మాత్రం నిషేధించిన ప్రభుత్వాలదే.

యూరప్ ఆహార భద్రతా సంస్థ మందుల పరీక్షకోసం 2023లో సవరించిన మార్గదర్శకాల్లో బంబుల్ తేనెటీగలకూ ఒంటరి ఈగలకూ చోటు దక్కింది. కొత్త మందు వల్ల తేనెటీగల పట్టు పది శాతానికి మించి తగ్గకూడదని సభ్యదేశాలు హద్దు పెట్టుకున్నాయి. మిగతా రెండు వర్గాలకు అలాంటి అంకె ఏదీ అందులో పెట్టలేదు.