పడవలో పుస్తకాలు, పన్నులో ఎనిమిది పైసలు

ఇంటి పన్ను కట్టినప్పుడు అందులో గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నామని చాలామందికి తెలియదు. ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు. పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు బాగానే అవుతోంది, జమ దగ్గరే ఆగిపోతోంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ బకాయిల మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. కొత్త పుస్తకాలు కొనాలన్నా, పేపర్లు తెప్పించాలన్నా, అద్దె కట్టాలన్నా సంస్థలకు ప్రధాన ఆధారం ఈ సెస్సే. అది రాకపోతే ఊరి లైబ్రరీలో బీరువాలు ఉంటాయి, కొత్త పుస్తకం మాత్రం ఉండదు.

ఈ సెస్సు సర్కారుకు హఠాత్తుగా తట్టిన ఆలోచన కాదు. దాని వెనక దాదాపు యాభై ఏళ్ల కష్టం ఉంది. ఆ కష్టం ఆనవాళ్లు ఇప్పటికీ మిగిలే ఉన్నాయి. ఓపిక ఉన్నవాళ్లు ఒక్కొక్కటిగా వెళ్లి చూడవచ్చు.

హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంతో మొదలుపెడదాం. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు వంటివారు పూనుకుని 1901 సెప్టెంబర్ 1న దీన్ని స్థాపించారు. మొదట నడిచింది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే. నిజాం రాజ్యంలో కోర్టు కాగితం, బడి చదువు ఉర్దూలో సాగుతున్న కాలం అది. తెలుగువాడు తన భాషలో పేపరు చదువుకోవడానికి ఒక చోటు కావాలన్నదే వాళ్ల తపన. అందుకే పేరులోనే భాష నిలిచింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. తర్వాతి కాలంలో నిజాం ప్రభుత్వం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసినప్పుడు, నలుగురు కూడి మాట్లాడుకోవడానికి మిగిలిన కొద్ది చోట్లలో గ్రంథాలయం ఒకటి. తెలంగాణలో లైబ్రరీ అంటే చదువుతో పాటు ధైర్యం కూడా.

అక్కడి నుంచి బెజవాడ. 1914 ఏప్రిల్ 10న రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ జరిగింది. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. చూపు దాదాపు పోయిన ఆ మహాకవి పుస్తకాల సభకు పెద్దగా కూర్చున్నారన్న సంగతి ఎప్పుడు తలచుకున్నా మనసు కదిలిపోతుంది. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దాన్ని భుజాన వేసుకున్నవారు అయ్యంకి వెంకట రమణయ్య. మరుసటి ఏడాదే ‘గ్రంథాలయ సర్వస్వము’ అనే పత్రిక మొదలైంది. ఒక్క గ్రంథాలయాల కోసమే తెలుగులో ఒక పత్రిక! స్వరాజ్య పత్రిక రాతలకు 1908లో జైలుకు వెళ్లిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కూడా ఈ సంఘానికి పెద్ద దిక్కయ్యారు.

వాళ్లు భవనాలతో సరిపెట్టుకోలేదు, గ్రంథాలయ యాత్రలు చేశారు. సూరి వెంకట నరసింహశాస్త్రి లాంటివారు ఊరూరా తిరిగి, ఉన్న లైబ్రరీలను చూసి, లేనిచోట పెట్టమని జనాన్ని ఒప్పించారు. తీర్థయాత్రకు వెళ్లే నిష్ఠతో చేసిన పని అది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం పడవ సంగతి. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. కృష్ణా డెల్టాలో అప్పటికి కాలువే రోడ్డు. ధాన్యం, మనుషులు వెళ్లే దారిలోనే పుస్తకమూ వెళ్లింది, గట్టు మీది ఊళ్లకు చేరింది. చదివేవాడు ఎక్కడున్నాడో పుస్తకమే వెతుక్కుంటూ పోయింది. అలాంటి ఊళ్లలో ఇప్పుడు పుస్తకం కావాలంటే మనిషి బస్సెక్కాలి.

చీరాలకు దగ్గర్లోనే ఉంది వేటపాలెం. నేతపనికీ జీడిపప్పుకూ పేరున్న ఊరు. అక్కడి సారస్వత నికేతనాన్ని 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి స్థాపించారు. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ భద్రంగా దాచారు. కర్ర చూడ్డానికి వెళ్లినవాళ్లు పాత పత్రికల గది దగ్గర ఆగిపోతారు. పరిశోధకులు దూరాల నుంచి వచ్చేది ఆ సంపుటాల కోసమే. తాకితే పొడి అయ్యే కాగితాన్ని ఒక చిన్న ఊరు వందేళ్లకు పైగా కాపాడుకుంటూ వచ్చింది.

చందాలతో, దాతల దయతో ఎంతకాలమని నడుస్తుంది? చట్టం కావాలని, స్థిరమైన రాబడి ఉండాలని ఉద్యమకారులు అడుగుతూ వచ్చారు. గ్రంథాలయ శాస్త్ర నిపుణుడు ఎస్.ఆర్. రంగనాథన్ కృషి, విద్యామంత్రి అవినాశిలింగం చెట్టియార్ చొరవ కలిసి 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇలాంటిది అదే మొదటిది. సెస్సుకు పునాది అక్కడే పడింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసులో భాగం కాబట్టి వాటికీ వర్తించింది. 1955లో హైదరాబాద్ రాష్ట్రం తన చట్టం తెచ్చుకుంది. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేశారు. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఈనాటికీ నడుస్తున్నది ఆ ఏర్పాటు మీదే.

లైబ్రరీలకు ఎవరూ రావడం లేదు, డబ్బెందుకు అనేవాళ్లు ఒకసారి హైదరాబాద్ చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడాలి. గ్రూప్స్‌కీ ఇతర ఉద్యోగ పరీక్షలకూ చదివే పిల్లలు టెన్షన్‌ను గుండెల్లో పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటారు. వాళ్లకు కావలసింది కుర్చీ, వెలుతురు, తాజా పుస్తకం. మూడూ సెస్సు డబ్బుతో సమకూరేవే. అది మనం కట్టిన డబ్బు, ఒక పని పేరు చెప్పి తీసుకున్న డబ్బు. దాన్ని ఇంకో పద్దులో వాడుకోవడం అన్యాయం.

మీ ఊళ్లో సెస్సు కింద ఎంత వసూలైంది, అందులో ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపారు అని సమాచార హక్కు చట్టం కింద రాసి అడగవచ్చు. గ్రామ పంచాయతీలో ఆ దరఖాస్తుకు ఫీజు కూడా ఉండదు.