ఫోన్ మన మాటలు వింటోందా? ఒక యాప్ డెవలపర్ రాస్తున్న అపోహలు - వాస్తవాలు

పోయిన సంక్రాంతికి ఖమ్మం వెళ్లినప్పుడు అమ్మ తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఒరేయ్, ఇది మన మాటలు వింటోందిరా. పొద్దున పక్కింటి ఆవిడతో మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకున్నాను. మధ్యాహ్నానికల్లా మోకాలి పట్టీల యాడ్ వచ్చింది" అంది. ఆమె గొంతులో నిజంగానే భయం ఉంది.

నేను పదమూడేళ్లుగా హైదరాబాద్‌లో మొబైల్ యాప్‌లు తయారుచేసే పనిలో ఉన్నాను. యాడ్ల కోసం బయటి కంపెనీలు ఇచ్చే కోడ్‌ను యాప్‌లో కలపడం కూడా ఆ పనిలో భాగమే. ఆ కోడ్ మూటను మేం ఎస్‌డీకే అంటాం. ఆ రోజు అమ్మకు చెప్పినవీ, ఆ తర్వాత చుట్టాలూ స్నేహితులూ అడిగితే చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఫోన్ మైక్ ఎప్పుడూ వింటూనే ఉంటుంది, అందుకే ఆ యాడ్స్ వస్తాయి

2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17,000కు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. మాటలు రహస్యంగా రికార్డు చేసి పంపిన యాప్ ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. దొరికింది వేరేది. కొన్ని యాప్‌లు, మనం తెర మీద ఏం నొక్కుతున్నామో ఫొటోలుగా, వీడియోలుగా తీసి బయటి కంపెనీలకు పంపుతున్నాయి. వాయిస్ అసిస్టెంట్ల సంగతి కొంచెం వేరు. పిలవకపోయినా ఐఫోన్లోని సిరి మేలుకుని మాటలు రికార్డు చేసిందని అమెరికాలో నడిచిన కేసులో, యాపిల్ తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. కాబట్టి మైక్ గురించి అసలు అనుమానమే వద్దని నేను అనను. ఆండ్రాయిడ్ 12 నుంచి మైక్ ఆన్ అయితే తెర పైమూలలో పచ్చ గుర్తు కనిపిస్తుంది. ఐఫోన్‌లో నారింజ చుక్క వస్తుంది. ఏమీ మాట్లాడనప్పుడు అది కనిపిస్తే ఏ యాప్ వల్ల వచ్చిందో చూడండి.

మరి అమ్మకు ఆ యాడ్ ఎలా వచ్చింది? ఇద్దరం కూర్చుని లెక్క తీశాం. పండక్కి వచ్చిన చెల్లి, ఇంట్లో అదే వైఫై మీద, మోకాలి ఆపరేషన్‌కు ఎంతవుతుందో రెండు రాత్రులు వెతికింది. అమ్మ ఫోన్లో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఆ నెలలో రెండుసార్లు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఒక్కోసారి గంటన్నర కూర్చుంది. అకౌంట్‌లో పుట్టిన తేదీ ఉంది, వయసు అరవై దాటింది. వీటిలో ఏ ఒక్కటైనా ఆ యాడ్ రావడానికి కారణం కావచ్చు. మైక్‌తో పనేముంది?

అపోహ: కంపెనీలు మన డేటాను ఫైల్ కట్టి అమ్ముకుంటాయి

గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్‌ల సొంతదారు మెటా లాంటి పెద్ద కంపెనీలు సాధారణంగా మన వివరాలను ఫైల్ కట్టి అమ్మవు. ఆ వివరాలే వాళ్ల ఆస్తి. ఖమ్మంలో ఉండే, అరవై దాటిన ఆడవాళ్లకు మీ యాడ్ చూపిస్తామని చెప్పి డబ్బు తీసుకుంటాయి. బయటికి పొక్కేది ఎక్కువగా చిన్న యాప్‌లు, వాటి వెనకుండే యాడ్ మార్కెట్ నుంచి.

అమ్మ రోజూ పొద్దున్నే చూసే పంచాంగం యాప్‌ను నా టెస్ట్ ఫోన్లో వేసి, అది బయటికి ఏం పంపుతోందో లాప్‌టాప్ మీద చూపించాను. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఏ కంపెనీ సిమ్, భాష తెలుగు, బ్యాటరీ 41 శాతం, ఐపీ అడ్రస్, అక్షాంశం, రేఖాంశం, ఆఖర్న 32 అంకెలూ అక్షరాలూ కలిసిన యాడ్ ఐడీ, అంటే యాడ్ కంపెనీలు ఆ ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు. తిథి తెర మీదికి వచ్చేలోపే ఈ చీటీ బయటికి వెళ్లిపోయింది. "నేను అడిగింది రాహుకాలం కదరా, దానికి బ్యాటరీ ఎంతుందో ఎందుకు?" అంది అమ్మ. సరైన ప్రశ్న అది. మా ఆఫీసు మీటింగుల్లో ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఆ చీటీ వేలంపాటకు వెళుతుంది. ఈ మనిషికి యాడ్ చూపించడానికి ఎవరెంత ఇస్తారని ఒకేసారి ఎన్నో కంపెనీలను అడుగుతారు. కనురెప్ప వేసేలోపు, దాదాపు సెకనులో పదో వంతులో, పాట ముగుస్తుంది. గెలిచేది ఒక్కరే. కానీ పాట పాడాలంటే ముందు చీటీ చదవాలి కదా, కాబట్టి ఓడిపోయినవాళ్లూ చదివేస్తారు. చదివినదాన్ని దాచుకోకుండా ఆపే తాళం ఈ వ్యవస్థలో ఎక్కడా లేదు. నిబంధనల్లో దాచుకోకూడదని రాసి ఉంటుంది, అంతే.

రెండో దారి ఎస్‌డీకేలు. నమాజు వేళలు చెప్పే ముస్లిం ప్రో అనే యాప్ నుంచి లొకేషన్ డేటా ఎక్స్-మోడ్ అనే కంపెనీకి వెళుతోందని, ఆ కంపెనీ నుంచి అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు డేటా కొంటున్నారని 2020లో అక్కడి పాత్రికేయులు బయటపెట్టారు. నమాజు వేళ చూసుకున్న మనిషికి తన ఉనికి ఎక్కడి దాకా వెళ్లిందో తెలిసే అవకాశమే లేదు. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీని ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్ల లొకేషన్ డేటా అమ్మకూడదని కట్టడి చేసింది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీలో బస్సు టైమింగ్స్ చెప్పే యాప్ ఉండేది. వాడేవాళ్ల సంఖ్యను బట్టి నెలనెలా డబ్బిస్తామని ఒక లొకేషన్ ఎస్‌డీకే కంపెనీ మెయిల్ పెట్టింది. "నాలుగు లైన్ల కోడే కదా, పెట్టేయ్" అన్నారు. పెట్టాను. బస్సు ఎప్పుడొస్తుందో చూసుకున్న కాలేజీ పిల్లలు, నర్సులు, ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో కొన్ని నెలల పాటు ఎవరికో చేరింది. నేను రాసిన కోడ్‌లో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ నాలుగు లైన్లే.

అపోహ: పేరు, నంబరు తీసేస్తే అది ఎవరి డేటానో తెలియదు

మీరు రాత్రి పదకొండు నుంచి పొద్దున ఆరు దాకా ఉండే చోటు మీ ఇల్లు. పది నుంచి ఆరు దాకా ఉండే చోటు మీ ఆఫీసు. ఈ రెండు చోట్లా ఉండే ఫోన్ సాధారణంగా మీదొక్కటే. ఇక పేరెందుకు? 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో 15 లక్షల మంది మొబైల్ వినియోగదారుల కదలికలు పరిశీలించారు. ఒక మనిషి ఎప్పుడు ఎక్కడ ఉన్నాడో నాలుగు గుర్తులు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతావాళ్ల నుంచి వేరుచేసి పట్టుకోవచ్చని తేలింది. స్ట్రావా అనే పరుగు యాప్ తన యూజర్ల దారులన్నీ పేర్లు లేకుండా ప్రపంచ పటంగా విడుదల చేస్తే, 2018 జనవరిలో అందులో సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తే దారులు వెలుగుతూ కనిపించాయి. మా మీటింగుల్లో "ఎనానిమస్ డేటానే కదా" అన్న మాట వచ్చిందంటే చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఆగకూడదు.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదు

ఇన్‌కాగ్నిటో అంటే బ్రౌజర్‌లో మనం చూసినవాటిని ఫోన్లో దాచుకోని పద్ధతి. ఆ ఫోన్ వాడే మీ ఇంట్లోవాళ్లకు తెలియదు, అంతే. వెబ్‌సైట్‌కు, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది. ఈ విషయం మీద 2020లో అమెరికాలో వేసిన కేసులో రాజీపడి, గూగుల్ వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి 2024లో ఒప్పుకుంది.

అపోహ: పర్మిషన్ ఇచ్చింది మనమే కాబట్టి తప్పు మనదే

ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులతో ప్రాణాలు తీసుకున్నవాళ్ల గురించి చదివే ఉంటారు. నాలుగైదు వేల అప్పు కోసం యాప్ వేసుకున్నప్పుడు అది కాంటాక్ట్స్ అడిగింది. ఇవ్వకపోతే ముందుకు కదలదు. ఒక్క వాయిదా తప్పితే అమ్మకు, మేనమామకు, ఆఫీసులో మేనేజర్‌కు ఫోన్లు, మార్ఫింగ్ ఫొటోలు. ఆ మేనమామ ఎవరికి పర్మిషన్ ఇచ్చాడు? ఆయన నంబరు ఇంకొకరి ఫోన్లో ఉంది, అంతకుమించి ఆయన చేసిందేమీ లేదు.

ఫేస్‌బుక్‌లో ఒక క్విజ్ యాప్ ద్వారా జనం డేటా లాగి ఎన్నికల ప్రచారానికి వాడిన కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీ వ్యవహారంలోనూ ఇదే జరిగింది. ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో ఆ క్విజ్ యాప్ వేసుకున్నవాళ్లు 335 మంది. వాళ్ల స్నేహితుల జాబితాల ద్వారా డేటా బయటికి పోయే అవకాశం ఉన్నవాళ్లు 5.62 లక్షల మంది. "అంగీకరిస్తున్నాను" అని నొక్కింది 335 మందే.

జాగ్రత్తగా ఉండండని ఎన్నిసార్లు చెప్పినా మారనిది నియమం మారితే మారింది. డిజిటల్ అప్పుల యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫొటోల జోలికి వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లో చెప్పింది. 2023 మే 31 నుంచి గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని పర్సనల్ లోన్ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫొటోలు అందకుండా చేసింది. కానీ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్‌గా వచ్చే యాప్‌కు ప్లే స్టోర్ నియమం అంటదు. అలాంటిది ఎవరు పంపినా వేసుకోవద్దు. వేధింపులు మొదలైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: తప్పు చేయనివాడికి భయమెందుకు?

నిఘా వల్ల ఇబ్బందిపడేది తప్పు చేసినవాడే అయితే ఈ మాట సరిపోయేది. నేను రోజూ చేసే పని డేటాను జతచేయడమే కాబట్టి, జతచేసేటప్పుడు ఏం పొరపాట్లు జరుగుతాయో తెలుసు. ఒక జాబితాలో లక్ష్మి 'ఎక్స్'తో ఉంటుంది, ఇంకో జాబితాలో 'కేఎస్‌హెచ్'తో ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. ఈ రెండు పేర్లూ ఒకరివేనా అని కంప్యూటర్‌ను అడిగితే అది అవుననో కాదనో చెప్పదు, ఎంత శాతం కలిసిందో చెబుతుంది. ఎంత శాతం దాటితే ఒకే మనిషి అనుకోవాలో ఒక ఉద్యోగి కూర్చుని అంకె వేస్తాడు. ఆ అంకె ఎవరి ఇంట్లో బియ్యం ఆపుతుందో అతనికి కనిపించదు.

తెలంగాణలో సమగ్ర వేదిక చేసింది ఇదే. వాహనాలు, భూములు, కరెంటు, పన్నుల వంటి రికార్డులను కలిపి ఒక్కో కుటుంబానికి చిత్రం గీసే వ్యవస్థ అది. 2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు నోటీసు లేకుండానే రద్దయ్యాయి. అనర్హుల ఏరివేతలో ఈ వ్యవస్థనూ వాడారు. హైదరాబాద్‌లో ఒక పేద ముస్లిం మహిళకు బియ్యం ఆగిపోయాయి. రిక్షా లాగిన ఆమె భర్తను అలాంటి పేరే ఉండి కారున్న ఇంకో మనిషిగా కంప్యూటర్ లెక్కేసింది. కారు లేదని నిరూపించుకునే భారం ఆమె మీద పడింది. రద్దయిన కార్డులను మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆమె ఏ తప్పూ చేయలేదు.

ఫొటో చూసి ముఖాలను గుర్తుపట్టే టెక్నాలజీ విషయమూ అంతే. 2021 మేలో, లాక్‌డౌన్ సమయంలో, హైదరాబాద్‌లో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి, మాస్క్ తీయమని చెప్పి ఫొటో తీశారు. ఏ చట్టం కింద తీశారు, ఎక్కడ దాచారు అని అడుగుతూ ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ఫొటో తీయడం చిన్న విషయమే కదా అంటారు కొందరు. ఫోన్ పోతే కొత్త ఫోన్, పాస్‌వర్డ్ పోతే కొత్త పాస్‌వర్డ్. ముఖం మార్చుకోలేం కదా.

అపోహ: నచ్చకపోతే మానేయొచ్చు, ఎవరూ బలవంతపెట్టలేదు

2022లో తన సెర్చ్ ఐఫోన్లలో ముందే ఉండేందుకు గూగుల్ యాపిల్‌కు దాదాపు 2,000 కోట్ల డాలర్లు ఇచ్చిందని అమెరికా కోర్టు పత్రాల్లో బయటపడింది. జనం ఎలాగూ ఎంచుకునేదే అయితే అంత డబ్బు ఎవరిస్తారు? 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా, సెర్చ్‌లో గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పిచ్చారు.

ఇక మన దగ్గర వాట్సాప్. పిల్లల స్కూల్ గ్రూపు అందులోనే, అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకర్ కబురు అందులోనే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో 161 సేవలతో మొదలుపెట్టిన 'మన మిత్ర' కూడా వాట్సాప్ మీదే నడుస్తుంది. ఆఫీసుల చుట్టూ తిరగకుండా పని అయితే జనానికి మేలే, నేను కాదనను. కానీ అప్పుడు వాట్సాప్ మానేయడమంటే ఒక యాప్ మానేయడం కాదు, ఊరి రచ్చబండకు వెళ్లడం మానేసినట్టు. 2021లో ప్రైవసీ నిబంధనలు ఒప్పుకోవాల్సిందేనని వాట్సాప్ పెట్టిన షరతు మీద, మార్కెట్లో పోటీని కాపాడే మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది కూడా ఇందుకే: ఇంకో దారి లేనివాడు చెప్పే 'సరే'ను ఒప్పుకోలు అనలేం.

అపోహ: చట్టం వచ్చేసింది కదా, ఇక టెన్షన్ లేదు

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత మన ప్రాథమిక హక్కు అని చెప్పింది. డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో, దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కానీ కంపెనీలు పాటించాల్సిన ప్రధాన నియమాలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థనైనా ఈ చట్టం నుంచి మినహాయించే వీలూ అందులోనే పెట్టారు. రేషన్ కార్డు పోగొట్టుకున్న ఆమెకు ఈ చట్టం ఎంత అక్కరకు వస్తుందో మీరే ఆలోచించండి.

అమ్మ ఫోన్లో ఆ రోజు లొకేషన్ పర్మిషన్ ఉన్న యాప్‌లు 23. ఒక్కోదాన్ని చూపించి "ఇది నీకెందుకు?" అని అడుగుతూ పోయాం. టార్చ్, కీబోర్డు, రెండు పంచాంగాలు, కూరగాయల తూకం గేమ్ ఒకటి. చివరికి మ్యాప్స్, క్యాబ్, వాతావరణం మిగిలాయి. వాటికీ 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని పెట్టాం. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్ తెరిచి, డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ నొక్కాం. రెండు నిమిషాల పని. అది అయ్యాక పక్కింటి ఆవిడను కూడా పిలుచుకొచ్చింది అమ్మ, ఆమె ఫోన్ పట్టుకుని.