‘రాక్సాన్’ నడక ఎవరిది? పోలీస్ తొలి ఆల్బమ్‌లో విమర్శకులు వినని సంగతి

గాయకుడు స్టింగ్ మీద గిటారిస్టు ఆండీ సమ్మర్స్, డ్రమ్మర్ స్టూవర్ట్ కోప్‌లాండ్ లండన్ హైకోర్టులో వేసిన రాయల్టీ దావాతో వాళ్ల బ్రిటిష్ రాక్ బ్యాండ్ ‘ది పోలీస్’ మళ్లీ వార్తల్లోకెక్కింది. బ్యాండ్ ఎలా పుట్టిందో, ఎందుకు చెదిరిందో అందరూ ఎరిగిందే. ఈ తగువుకు వేరు మాత్రం 1978 నవంబరులో వచ్చిన తొలి ఆల్బమ్ ‘అవుట్‌ల్యాండోస్ డామూర్’లో ఉంది.

అప్పటి విమర్శకులను పట్టి పీడించిన ప్రశ్న ఒక్కటే: వీళ్లు అసలైన పంకులేనా? పంక్ అంటే నేర్పు కన్నా మొరటు ఆవేశానికి విలువిచ్చే కుర్రకారు రాక్. అనుమానం అకారణమేమీ కాదు. సమ్మర్స్‌కు అప్పటికే 35 ఏళ్లు, సాఫ్ట్ మెషీన్ బ్యాండ్‌లో వాయించి వచ్చినవారు. కోప్‌లాండ్ కర్వ్‌డ్ ఎయిర్ బ్యాండ్ డ్రమ్మర్. స్టింగ్ న్యూకాజిల్‌లో జాజ్ వాయించిన స్కూలు మాస్టారు. ముగ్గురి బంగారు రంగు జుట్టూ ఓ చూయింగ్ గమ్ ప్రకటన కోసం వేయించుకున్న రంగే. అమెరికా సంగీత పత్రిక ‘రోలింగ్ స్టోన్’లో టామ్ కార్సన్ వాళ్ల వాయిద్య నైపుణ్యాన్ని మెచ్చుకున్నా పంక్ వేషాన్ని నమ్మలేదు. వేషం మీద అంత చర్చ జరిగింది కానీ, ఆ నైపుణ్యం పాటల్ని ఏం చేసిందన్నది పక్కకు పోయింది.

‘రాక్సాన్’ పాటనే తీసుకోండి. స్టింగ్ దాన్ని బోసా నోవాగా, అంటే బ్రెజిల్ తరహా మెత్తని లయలో అనుకున్నారు. కోప్‌లాండ్ సూచనతో నడక మారి, టాంగో తరహా ఒత్తులు వచ్చాయి. చరణంలో సమ్మర్స్ గిటార్ పొడిపొడిగా తెగిపడుతుంది, పల్లవి రాగానే ముగ్గురూ కలిసి సూటిగా రాక్‌లోకి దూకుతారు. ఆ తేడాయే పాటకు ప్రాణం. అంతవరకూ బ్యాండ్‌ను పెద్దగా పట్టించుకోని స్టూవర్ట్ అన్నయ్య మైల్స్, ఈ పాట వినగానే ఎ అండ్ ఎం రికార్డుల కంపెనీకి పట్టుకెళ్లారు. ఒప్పందం అలా దక్కింది. లెదర్‌హెడ్‌లో ఓ డాక్టరు నడిపే స్టూడియోలో, సుమారు 1,500 పౌండ్ల ఖర్చుతో తయారైన ఆల్బమ్ అది. మొదటిసారి చతికిలబడ్డ ‘రాక్సాన్’ 1979లో మళ్లీ విడుదలై బ్రిటన్‌లో 12వ స్థానానికి, ఆల్బమ్ 6వ స్థానానికి చేరాయి. 2003లో ‘రోలింగ్ స్టోన్’ పత్రికే దాన్ని 500 అత్యుత్తమ ఆల్బమ్‌ల జాబితాలో చేర్చింది.

రచయిత పేరు మాత్రం మారలేదు. పది పాటల్లో ఎనిమిదింటికి స్టింగ్ ఒక్కరే. మిగతా రెంటిలో ఒకదానికి కోప్‌లాండ్, ఇంకోదానికి సమ్మర్స్ భాగస్వాములు. ‘రాక్సాన్’ ఆ రెంటిలో లేదు. ఈ లోటు పూడ్చడానికే రచయిత తన రాబడిలో 15 శాతం మిగతావాళ్లకు ‘అరేంజర్’ (పాటకు వాయిద్యాల అమరిక కూర్చినవారు) రుసుముగా ఇవ్వాలని 1977లోనే మాట అనుకున్నారన్నది వాది పక్షం. స్ట్రీమింగ్ రాబడిలోనూ ఆ వాటా రావాలని అడుగుతున్నారు. 2016 నాటి ఒప్పందం ప్రకారం అది వర్తించదన్నది స్టింగ్ పక్షం జవాబు. అయితే దావా పడ్డాక ఆయన వాళ్లకు 5 లక్షల పౌండ్లకు పైగా చెల్లించినట్టు విచారణలో బయటపడింది.