పండోరా తెరిచింది పెట్టె కాదు: గ్రీకు పురాణాల్లోని మానవ స్త్రీలపై అపోహలు - వాస్తవాలు

గ్రీకు పురాణం అంటూ ఒక్క పుస్తకం లేదు. హోమర్, హెసియొద్ కావ్యాలు క్రీ.పూ. 8-7 శతాబ్దాల నాటివి. ఏథెన్స్ విషాద నాటకాలు క్రీ.పూ. 5వ శతాబ్దానివి. రోమన్ కవి ఓవిడ్ లాటిన్‌లో రాసింది క్రీ.శ. 8 ప్రాంతంలో. మొదటివాటికీ చివరిదానికీ మధ్య దాదాపు ఏడు వందల ఏళ్లు. వీటన్నిటినీ ఒకే గంపలో పోసి చెప్పడం, లక్ష్మణ రేఖ వాల్మీకి రామాయణంలోనే ఉందనడం లాంటిది. మానవ స్త్రీల విషయంలో ఈ కలగాపులగం మరీ అన్యాయం చేస్తుంది. తప్పు ఎవరిదన్నది కథనాన్ని బట్టి మారిపోతుంది, నింద మాత్రం ఆ కథలోని స్త్రీ మీదే ఉండిపోతుంది.

అపోహ: దేవతలు చేసిన మొదటి స్త్రీ పండోరా కుతూహలం ఆపుకోలేక, లోకంలోని కష్టాలన్నీ దాచిన పెట్టె తెరిచింది.

వాస్తవం: హెసియొద్ 'పనులు-దినాలు' కావ్యంలో పెట్టె లేదు, కుతూహలం ఊసూ లేదు. ఉన్నది పిథోస్. ధాన్యం, నూనె, వైన్ నిల్వ చేసే పెద్ద మట్టి బాన అది. క్రీట్‌లోని క్నోసోస్‌లో బయటపడ్డవాటిలో మనిషెత్తువీ ఉన్నాయి. చంకన పెట్టుకుని తెచ్చే వస్తువు కాదు. 16వ శతాబ్దంలో డచ్ పండితుడు ఎరాస్మస్ ఈ కథను లాటిన్‌లో చెబుతూ 'పిక్సిస్' అన్నాడు, అంటే మూత ఉన్న చిన్న భరిణె. పెట్టె అక్కడి నుంచే వచ్చింది.

బాన మూత తీసింది ఆవిడే, అందులో సందేహం లేదు. కానీ ఎందుకు తీసిందో, ఆ బాన ఎక్కడి నుంచి వచ్చిందో కవి చెప్పలేదు. ఆమెను మట్టితో చేసింది దేవశిల్పి హెఫైస్తొస్, వంచన నేర్పింది దేవదూత హెర్మెస్, ఇదంతా చేయించింది దేవతల రాజు జ్యూస్. జ్యూస్ ఇచ్చే కానుక పుచ్చుకోవద్దని, మనుషులకు నిప్పు తెచ్చిచ్చిన ప్రొమెథియస్ ముందే హెచ్చరించినా వినకుండా ఆమెను స్వీకరించింది అతని తమ్ముడు ఎపిమెథియస్. ఇదే కవి 'దేవతల పుట్టుక'లో ఆమెకు పేరే లేదు, బానా లేదు. హెసియొద్‌కు ఆడవాళ్ల మీద గౌరవం ఉందని కాదు, రెండు కావ్యాల్లోనూ చాలా కటువుగా మాట్లాడతాడు. అయినా ఆయన అనని మాట ఆయనకు అంటగట్టకూడదు.

అపోహ: పాముల జుట్టు, చూస్తే రాయిగా మార్చే ముఖం ఉన్న మెదూసా, అతెనా దేవత శాపం తగిలిన అందగత్తె. ఇదే అసలు గ్రీకు కథ.

వాస్తవం: ఇది ఓవిడ్ కథనం. హెసియొద్ ప్రకారం గోర్గొన్లు అనే ముగ్గురు భయంకర అక్కచెల్లెళ్లలో ఇద్దరికి చావు లేదు, మెదూసా ఒక్కతికే ఉంది. సముద్ర దేవుడు పొసెయిదోన్ ఆమెతో కలిసింది వసంతపు పూల మధ్య, మెత్తని పచ్చికలో. గుడి లేదు, శాపం లేదు. గుడిలో బలాత్కారం, శిక్షగా జుట్టు పాములవడం ఓవిడ్‌లో వస్తాయి. ఓవిడ్ కథను వాడుకోండి, అది గొప్ప కథే. పేరు మాత్రం ఓవిడ్‌దే పెట్టండి.

అపోహ: పెనెలొపే ఇరవై ఏళ్లూ పగలు నేసి రాత్రి విప్పింది.

వాస్తవం: ఇరవై ఏళ్లు ఆమె భర్త ఒదిస్సియస్ ఇంట్లో లేని కాలం. తనను పెళ్లాడాలని వచ్చినవాళ్లతో, నేత పూర్తయ్యాకే పెళ్లని చెప్పి రాత్రిళ్లు విప్పేది. నేత మోసం సాగింది మూడేళ్లే. నాలుగో ఏట ఒక దాసి గుట్టు బయటపెట్టడంతో నేత పూర్తి చేయక తప్పలేదు. అది పెళ్లి బట్టా కాదు, గోడకు వేలాడదీసే చిత్రవస్త్రమూ కాదు. మామగారు లెయెర్తెస్ కన్నుమూసినప్పుడు శవం మీద కప్పే గుడ్డ. అది లేకుండా ఆయన్ను పంపితే ఊళ్లో ఆడవాళ్లు తనను తప్పుపడతారని ఆమె అంటే, పెళ్లి కోసం వచ్చి కూర్చున్న 108 మంది ఏమీ అనలేకపోయారు.

ఆ మగ్గం మన గుంట మగ్గంలా కూర్చుని నేసేది కాదు. నిలువుగా ఉంటుంది. పడుగు పోగులు పై దూలం నుంచి వేలాడతాయి, బిగువు కోసం కింద వాటి కొసలకు మట్టి గుండ్లు కడతారు. నేత పైనుంచి కిందికి దిగుతుంది, పేకను పైకి కొడతారు. నేసే మనిషి నిలబడి ఈ అంచు నుంచి ఆ అంచుకు నడవాలి. హోమర్ వాడిన మాట కూడా మగ్గం ముందు అటూ ఇటూ తిరగడమనే. విప్పడమంటే పేకను ఒక్కో వరుసా వెనక్కి లాగడం. దివిటీల వెలుగులో చేసింది ఆ పనే. కత్తిరించిందని రాస్తే కథే కూలిపోతుంది, పడుగు తెగితే మర్నాడు నేయడానికి ఏమీ ఉండదు.

ఇంకో సంగతి. 'ఒదిస్సీ'లో ఈ మోసం మూడుసార్లు వస్తుంది: 2వ సర్గలో పెళ్లికి వచ్చినవాళ్లలో ఒకడైన అంతినొస్ నిందిస్తూ చెబుతాడు, 19లో పెనెలొపే తనే చెబుతుంది, 24లో వాళ్లలోనే చనిపోయిన అంఫిమెదోన్ ఆత్మ చెబుతుంది. కవి తన గొంతుతో ఒక్కసారీ వర్ణించడు. ఎవరి నోట వచ్చిన మాటో చూడకుండా ఉటంకిస్తే అంతినొస్ కోపం హోమర్ తీర్పు అయిపోతుంది.

అపోహ: భర్త జేసన్ తనను వదిలేశాడని మేదెయా తన పిల్లల్ని చంపిందన్నది అన్ని కథనాల్లోనూ ఉంది.

వాస్తవం: ఆ రూపాన్ని స్థిరపరిచింది క్రీ.పూ. 431లో ఏథెన్స్ నాటకకర్త ఎవ్రిపిదిస్ రాసిన నాటకం. ఆ ఏటి పోటీలో దానికి మూడో స్థానమే దక్కింది. పిల్లల్ని కొరింథు జనమే రాళ్లతో కొట్టి చంపారన్న కథనాన్నీ, వాళ్లను అమరుల్ని చేయాలని మేదెయా హెరా దేవత గుడికి తీసుకెళ్లగా అది ఫలించలేదన్న కథనాన్నీ గ్రీకు యాత్రా రచయిత పౌసానియాస్ క్రీ.శ. 2వ శతాబ్దంలో నమోదు చేశాడు. పేరు రాసేటప్పుడు ఇంగ్లిష్ ఉచ్చారణ పట్టుకుని 'మీడియా' అనకండి, పత్రికలూ టీవీలూ గుర్తొస్తాయి. 'పెనెలోప్' కూడా అంతే, గ్రీకులో చివరి 'పే' పలుకుతుంది.

అపోహ: ఎవరి కోసమైతే గ్రీకులు ట్రాయ్ నగరంపై యుద్ధానికి వెళ్లారో ఆ హెలెన్ ట్రాయ్‌కి వెళ్లిందని గ్రీకులంతా ఒప్పుకున్నారు.

వాస్తవం: లేదు. క్రీ.పూ. 412 నాటి ఎవ్రిపిదిస్ 'హెలెన్'లో ట్రాయ్‌లో ఉన్నది ఆమె నీడ బొమ్మ, అసలు మనిషి ఈజిప్టులో ఉంది. ఆమె కోసం గ్రీకులు వేసుకెళ్లారనే వెయ్యి ఓడలన్నదీ సుమారు లెక్కే, 'ఇలియడ్' 2వ సర్గ జాబితా కూడితే 1,186.

గ్రీకు కుండల మీది బొమ్మలను ఈ కథలకు ఆధారంగా చూపేవారు ముందు బొమ్మ పక్కన రాసిన పేరు వెతకాలి. ఎర్ర మట్టి మీద మనుషుల బొమ్మలు నల్లగా వేసే శైలిలో స్త్రీల ఒంటికి తెల్లరంగు పైపూతగా వేసేవారు. ఆ పూత రాలిపోతే ముఖం నల్లగా మిగులుతుంది, మగవాడనుకునే ప్రమాదం ఉంది. రాలిన చోట్ల తెల్లరంగు జాడలు ఉన్నాయేమో దగ్గరి ఫొటోలో చూసుకున్నాకే పేరు పెట్టండి.