అమ్మేసిన పెడల్ మీద బెంగ: అపోహలు - వాస్తవాలు

గిటార్ పెడళ్లు (గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టి, కాలితో నొక్కి సౌండ్ మార్చుకునే చిన్న పెట్టెలు) రిపేర్ చేసే నా బల్ల దగ్గర తరచూ వినిపించే మాట, "అది అమ్మకుండా ఉండాల్సిందండీ". నన్నడిగితే ఈ బాధలో ఎక్కువ భాగం రేటు గురించే, సౌండ్ గురించి తక్కువ. ఆ రెంటినీ విడదీసి చూసుకుంటే చాలామందికి మళ్లీ డబ్బు పెట్టాల్సిన పని ఉండదు.

అపోహ: క్లాన్ సెంటార్‌కి సాటి వచ్చే పెడల్ లేదు.

ఇది ఓవర్‌డ్రైవ్, అంటే గిటార్ సౌండ్‌ని కాస్త గరగరలాడించే పెడల్. బిల్ ఫిన్నెగన్ దీన్ని అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1994లో చేయడం మొదలుపెట్టి సుమారు 8,000 దాకా చేసి ఆపేశాడు. సర్క్యూట్ ఎవరికీ కనపడకుండా పైన ఎపాక్సీ (గట్టిపడిపోయే జిగురు) పోసేశాడు. పేరు రావడానికి సగం కారణం ఆ గుట్టే. తర్వాత కొందరు దాన్ని గీకి తీసి చూశారు. లోపల ఉన్నవి 9 వోల్టుల్ని పెంచే ఒక చిప్, జర్మేనియం డయోడ్లు, క్లీన్ సిగ్నల్‌నీ డ్రైవ్‌నీ (గరగర సౌండ్‌నీ) ఒకేసారి కలిపే జంట గెయిన్ పాట్ (తిప్పే నాబ్), ఒక మంచి బఫర్ (సిగ్నల్ బలం తగ్గకుండా ముందుకు పంపే చిన్న సర్క్యూట్). తెలివైన డిజైనే, మంత్రమైతే కాదు. అదే సర్క్యూట్‌తో ఇవాళ తక్కువ ధరకు బోలెడు వస్తున్నాయి. ఈ హైప్ నా పని కాదని ఫిన్నెగనే తన తర్వాతి పెడల్ కేటీఆర్ మీద అచ్చు వేయించాడు. అసలుది అమ్మినవాళ్లకు నష్టం వచ్చిన మాట నిజమే, కానీ అది బ్యాంకు ఖాతాలో.

అపోహ: ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808లో మహిమంతా ఆ చిప్‌దే.

ట్యూబ్ స్క్రీమర్ కూడా ఓవర్‌డ్రైవ్ పెడలే. అందులోని జేఆర్‌సీ4558డి అప్పట్లో అందరూ వాడే చౌక చిప్. టీఎస్808కీ దాని తర్వాత వచ్చిన టీఎస్9కీ సర్క్యూట్‌లో చెప్పుకోదగ్గ తేడా ఔట్‌పుట్ దగ్గరి రెండు రెసిస్టర్లే. 808లో 100 ఓమ్‌లు, 10 కిలో ఓమ్‌లు. టీఎస్9లో 470 ఓమ్‌లు, 100 కిలో ఓమ్‌లు. మీ దగ్గర టీఎస్9 ఉంటే ఆ రెండూ మార్పించి వినండి. తేడా తెలియలేదా? ఇంకా మంచిది.

అపోహ: ట్రూ బైపాస్ (ఆపినప్పుడు సిగ్నల్‌ని ఏ సర్క్యూట్ తగలకుండా నేరుగా దాటించడం) లేని పెడల్ టోన్ తినేస్తుంది.

ఈ మాట నమ్మి బఫర్ ఉండే బాస్ (Boss) కంపెనీ పెడళ్లన్నీ అమ్మేసి, ఆ తర్వాత ట్రెబుల్ ఎక్కడికి పోయిందని అడిగేవాళ్లు చాలామందే. కేబుల్‌కి మీటరుకు దాదాపు 100 పీకోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, వైరు పొడుగయ్యేకొద్దీ అది ట్రెబుల్‌ని మింగేస్తుంది. బోర్డు మీద అన్నీ ట్రూ బైపాసే అయితే గిటార్ నుంచి ఆంప్ దాకా ఉన్న మొత్తం వైరు భారం పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) మీదే పడుతుంది. మీరు అమ్మేసిన పెడల్‌లోని బఫర్ ఇన్నాళ్లూ ఆ భారం మోసింది. మొదట్లో ఒక్క మంచి బఫర్ పెడితే చాలు. ఫజ్ ఫేస్ (కింద చెప్పబోయే పాత ఫజ్ పెడల్, సౌండ్‌ని బాగా బొంగురుగా చేసేది) ఉంటే మాత్రం దాన్ని బఫర్‌కి ముందే పెట్టాలి.

అపోహ: పాత జర్మేనియం ఫజ్ అంటే ఎప్పుడూ బంగారమే.

మన ఎండలతో ముడిపడిన విషయం కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. లండన్‌లో 1966లో వచ్చిన ఫజ్ ఫేస్‌కి పేరు తెచ్చింది ఎన్‌కేటీ275 జర్మేనియం ట్రాన్సిస్టర్లు. వేడి పెరిగేకొద్దీ వాటిలో లీకేజ్ కరెంట్ పెరిగి బయాస్ (ట్రాన్సిస్టర్ సరిగ్గా పనిచేయడానికి సెట్ చేసిన వోల్టేజ్) కదిలిపోతుంది. రెండో ట్రాన్సిస్టర్‌కి కలెక్టర్ అనే కాలు మీద మల్టీమీటర్ పెడితే అటూ ఇటూగా 4.5 వోల్టులు చూపించాలి. ఏసీ గదిలో సరిగ్గా సెట్ చేసి, పక్కన టేబుల్ లైట్ వేడి తగలనివ్వండి. మీటర్‌లో అంకె మీ కళ్లముందే మారుతుంటుంది. ఇక మే నెలలో విజయవాడలో ఓపెన్ స్టేజీ మీద దాని సంగతి చెప్పక్కర్లేదు. సౌండ్ పలచబడుతుంది, నోట్ సాగాల్సిన చోట తెగిపోతుంది. చిరాకొచ్చి అమ్మేసినవాడు తప్పేమీ చేయలేదు. బయట వాయించేవాళ్లకి బీసీ108 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లున్న రకమే హాయి.

అపోహ: తయారీ ఆగిపోయిందంటే ఇక దొరకదు.

బాస్ హెచ్‌ఎం-2 డిస్టార్షన్ పెడల్ (సౌండ్‌ని బాగా కరుకుగా చేసేది) 1991లో ఆగిపోయింది. స్టాక్‌హోమ్ డెత్ మెటల్ బ్యాండ్లు నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పి తీసిన ఆ రంపపు మోత కోసం తర్వాత రేట్లు పెరిగాయి. 2020లో బాస్ కంపెనీయే హెచ్‌ఎం-2డబ్ల్యూ ప్రకటించింది. డీఎం-2 డిలే (నోట్‌ని కాసేపటికి మళ్లీ వినిపించే పెడల్) కథ కూడా అంతే. 2014లో వచ్చిన డీఎం-2డబ్ల్యూలో ఆ ప్రతిధ్వనికి పాత 300 మిల్లీసెకన్ల ఆలస్యమూ ఉంది, స్విచ్ మారిస్తే 800 దాకా వెళ్తుంది. పాతది కొంటే వచ్చేది ఎండిపోయిన కెపాసిటర్లు, పక్కకు జరిగిన ట్రిమ్ పాట్లు (లోపల సెట్టింగ్ కోసం ఉండే చిన్న నాబ్‌లు). చాలాసార్లు జనం "వింటేజ్ టోన్" అని మురిసిపోయేది సర్వీసింగ్ లేని పెడల్‌ని చూసి!

మరి నిజంగా విచారించాల్సినవి లేవా? ఉన్నాయి. ఎంఎన్3005 అనే డిలే చిప్పులున్న పాత ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ డిలే పెడల్ డీలక్స్ మెమరీ మ్యాన్‌ని ఎవరైనా అమ్మేశానంటే నేనూ అయ్యో అంటాను. ఆ చిప్ తయారుచేసిన మత్సుషిత ఎప్పుడో ఆపేసింది. 1976 నాటి బాస్ సీఈ-1 కోరస్ (ఒక్క గిటార్‌ని రెండు మూడు గిటార్లలా వినిపించే పెడల్) కూడా అంతే. కోరస్ ఆపేసినా దాని ప్రీఆంప్ (సిగ్నల్‌ని పెంచే లోపలి భాగం) గిటార్‌కి ఒక నిండుదనం ఇస్తుంది. ఈ రెంటిలో ఏదైనా మళ్లీ కొంటుంటే ఒక జాగ్రత్త: ఇవి అడాప్టర్‌తో కాదు, నేరుగా కరెంటుతో నడిచేవి. అమెరికా నుంచి బంధువులు తెచ్చినది 117 వోల్టులది, జపాన్‌లో అమ్మినదైతే 100 వోల్టులది. ప్లగ్ మార్చి మన 230 వోల్టుల సాకెట్‌లో గుచ్చితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వెనక రాసి ఉన్న వోల్టేజ్ చదివి, దానికి తగ్గ స్టెప్‌డౌన్ (వోల్టేజ్ తగ్గించే) ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకున్నాకే స్విచ్ వేయండి.